శిఖంలో ఇల్లు

మేము మీర్‌పేట్ వదిలి ఇబ్రహీంపట్నం వెళ్ళడానికి బంధువులు తరవాత రకరకాల కారణాలు చెప్పుకున్నారు. నేను పనిచేసే కాలేజీకి దగ్గరని, అద్దె తక్కువని, మనవాళ్ళ మధ్య ఉండడం నాకు గిట్టదని. కారణం ఒక్కటే. మా ఆయన ఊపిరి.

ఆయన కృష్ణా డెల్టాలో ఒక రైసుమిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా వడ్లు దింపుకునే గుమాస్తాగా పనిచేశారు. బండి వచ్చి ఆగగానే బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, రెండు అరచేతుల మధ్య నలిపి, ఊక ఊదేసి, ఒక గింజను పంటి కింద పెట్టి కొరికేవారు. గింజ టక్కున విరిగితే ఎండినట్టు. మెత్తగా అణిగితే తడి ఉన్నట్టు. తడిని కొలిచే యంత్రం మిల్లులో ఉండేది కానీ, యజమాని యంత్రం కంటే ఆయన పళ్ళనే నమ్మేవాడు. అన్నేళ్ళు ఊదిన ఊక దుమ్ము ఎటు పోయిందో ఎక్స్‌రే తీశాక తెలిసింది.

ఛాతీ డాక్టరు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూశారు. తరవాత నా వైపు తిరిగి, "మందులు నేను రాస్తాను. చోటు మీరు చూసుకోవాలి. దుమ్మూ పొగా ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చెమ్మ ఉండకూడదు. పాడైన ఊపిరితిత్తి మళ్ళీ బాగుపడదు. ఇంకా పాడుకాకుండా చూసుకోవడమే" అన్నారు.

డెల్టాలో చెమ్మ లేని ఇల్లు ఎక్కడుంటుంది? మా పెరట్లో రెండడుగులు తవ్వితే నీరు. అందుకే శేరిగూడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చినప్పుడు నేను రెండో ఆలోచన చేయలేదు. అప్పటికి నాకు నలభై ఎనిమిది, ఆయనకు యాభై అయిదు. ఆ వయసులో భాష ఒకటే అయినా రాష్ట్రం వేరయిన మహానగరానికి వచ్చినవాళ్ళు ఇల్లు వెతుకుతున్నామనుకుంటారు గానీ, వెతకవలసింది ఇల్లు కాదు. ఇంటి చుట్టూ ఉండేది.

మొదట మీర్‌పేట్‌లో దిగాము, తెలిసినవాళ్ళు చూపించిన కింది వాటాలో. గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, పైన నీళ్ళ ట్యాంకులు, మధ్య సందులో ఆరేసిన బట్టలు. ఎండ మా గుమ్మం దాకా వచ్చేది కాదు. వచ్చిన రెండు నెలలకే వంటింటి గోడకు పచ్చటి పొర పట్టింది. కానీ ఆ వీధిలో సగం మంది మా వైపు వాళ్ళు. కిరాణా కొట్టు ముందు బల్ల మీద సాయంత్రం కూర్చుంటే కాలవలు ఎప్పుడు వదిలారో, ఎవరి పిల్ల పెళ్ళి ఎక్కడ కుదిరిందో అన్నీ తెలిసేవి. మా ఆయన కబుర్ల మనిషి. దగ్గుతూనే నవ్వేవారు, నవ్వుతూనే దగ్గేవారు.

పక్క వాటాలో ఒకావిడ ఉండేది. గోదావరి వైపు నుంచి వచ్చి పిండివంటలు చేసి అమ్ముకునేది. నేను వేరే చోటు చూస్తున్నానని తెలిసి గుమ్మంలో నిలబడి నిలదీసింది.

"ఇబ్రహీంపట్నమా? అక్కడెవరున్నారండీ మనవాళ్ళు? పండక్కో పబ్బానికో పలకరించే దిక్కుండొద్దా?"

"ఈయన దగ్గు వింటున్నారు కదండీ."

"దగ్గుదేముందండీ, మిరియాల కషాయం నేను కాచిస్తాను. ఏం అన్నయ్యగారూ, మీరు చెప్పరేం?"

మా ఆయన వాలుకుర్చీలోంచి తలెత్తి అన్నారు. "నాదేముందమ్మా. మీర్‌పేట్‌లో నాకు ఊపిరాడకపోయినా, ఎలా ఉందని అడిగేవాడు ఒకడుంటాడు. అక్కడ ఊపిరాడుతుందట. ఎవరితో మాట్లాడాలో మాస్టారమ్మనే అడగండి."

మాస్టారమ్మ అంటే నేను. చిన్నప్పటి నుంచి రోజువారీ రాసుకునే అలవాటున్నదాన్ని కాబట్టి, చూసిన ప్రతి చోటుకూ ఒక పేజీ కేటాయించి గీతలు గీశాను. చెమ్మకు ఒక గడి, దుమ్ముకు ఒకటి, కాలేజీ దూరానికీ దవాఖాన దూరానికీ చెరొకటి. ఆయన నా భుజం మీదుగా తొంగిచూసి, "కబుర్లకు గడి ఏదీ?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వే విషయమనే అనుకున్నాను.

కోహెడ వైపు కూడా చూశాము. పండ్ల మార్కెట్ అక్కడికి వస్తుందని అందరూ చెబుతున్నారు. ఇల్లు కొత్తది, గాలి ధారాళంగా ఉంది. కానీ వీధి చివర నుంచి కంకర లారీలు పోతున్నాయి. గేటు పక్కన మందార చెట్టు ఆకుల మీద దుమ్ము ఎంత మందంగా ఉందంటే, మా ఆయన వేలితో ఒక ఆకు మీద సున్నా చుట్టి, "మార్కులు వేసేశాను, పద" అన్నారు.

ఇబ్రహీంపట్నం ఇంటికి వెళ్ళింది మార్చి చివరలో. ఆటో పెద్ద రోడ్డు వదిలి, రెండు వైపులా దుకాణాలున్న సిమెంటు రోడ్డు మీద ఒక మిట్ట ఎక్కింది. ఆ ఎక్కడం నాకు బాగా గుర్తుంది. ఆటో మూలిగింది, డ్రైవరు గేరు మార్చాడు. ఆ తరవాత కొంచెం దిగే ఉంటుంది. అది నేను గమనించలేదు. మిట్ట అవతల విశాలమైన మైదానం, అక్కడక్కడా పది పదిహేను ఇళ్ళు, దూరంగా తుమ్మచెట్ల వరస. నేల నల్లగా ఎండి, అరచేయి దూరేటంత పగుళ్ళిచ్చి ఉంది. పగిలిన ఆ నేలను చూసి నేను ఎంత సంతోషించానో ఇప్పుడు చెప్పుకోవడం కష్టం.

ఇంటి యజమాని ఆ ఊళ్ళో తరతరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబంవాడు. నలభై దాటినవాడు. మోటారు సైకిల్ మీదే కూర్చుని తాళం చేతికిచ్చాడు.

"వానాకాలంలో నేల చెమ్మ ఎక్కుతుందాండీ?" అని అడిగాను.

అతను నవ్వాడు. "చెమ్మనా? పదేండ్లాయె మేడం, ఈడ నీల్లు జూసి. నేల ఎట్ల నెర్రెలు బాసిందో సూడుండ్రి."

"ఈయనకు చెమ్మ అసలు పడదు. అందుకే గట్టిగా అడుగుతున్నాను."

"నేను గూడ గట్టిగనే జెప్తున్న. ఇది మాది శిఖం పట్టా, తాతల నాటిది. దాసుడేం లేదు, ఊరందరికి ఎర్కే."

శిఖం. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. కానీ విన్న క్షణంలోనే అర్థమైపోయిందనుకున్నాను. సంస్కృతం కొంత చదువుకున్నదాన్ని. శిఖ అంటే కొప్పు, కొండ కొస శిఖరం, దీపపు కొస శిఖ. ఇప్పుడే ఒక మిట్ట ఎక్కి వచ్చాము. ఇక సందేహం ఏముంది?

"ఇదంతా శిఖమేనా?" అని అడిగాను, మైదానం వైపు చేయి చూపించి.

"అవ్ మేడం. గా తుమ్మల దాంక మొత్తం శిఖమే."

తిరుగు ప్రయాణంలో మా ఆయన అడిగితే, ఎత్తైన నేలను ఇక్కడ శిఖం అంటారని వివరించాను. "మాస్టారమ్మ చెప్పాక తిరుగేముంది" అన్నారు. ఆ రాత్రి చెమ్మ గడిలో 'లేదు, మెరక నేల' అని రాశాను. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఊరికి మరో వైపున ఉందని, మేము దానికి దూరంగా ఉంటామని కూడా రాశాను. మా వైపు నీరు కాలవలో వస్తుంది, ఎప్పుడు వదులుతారో ముందే పేపర్లో పడుతుంది. చెరువు అంటే మాకు నిండుగా ఉండేది. నీళ్ళు లేని చెరువును నేను అంతకుముందు చూడలేదు. చూసినా గుర్తుపట్టి ఉండేదాన్ని కాదు.

ఆ ఇంట్లో మొదటి ఏడాది మేము బాగున్నాము. ఈ మాట రాయకపోతే తక్కినదంతా అబద్ధం అవుతుంది. మా ఆయన దగ్గు తగ్గింది. రాత్రిళ్ళు దిండు ఎత్తు పెట్టుకోకుండా పడుకోగలిగారు. ఉదయం ఎండ పడకముందు ఆ మిట్ట దాకా నడిచి, ఎక్కి, ఆగకుండా తిరిగి వచ్చేవారు. వచ్చాక గుమ్మంలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, నాకు వినిపించేలా వదిలేవారు. అది నాకు రోజూ అందే జీతం.

ఒక్కసారి మాత్రం పెరటి మూలలో వంగి ఏదో పీకుతూ పిలిచారు. "ఇక్కడ తుంగ ఉందేమిటి? తుంగకు తడి కావాలే."

"బోరు మోటారు కారుతోంది, దాని తడే" అన్నాను. మోటారు నిజంగానే కారేది. ఆయన ఆ తుంగ గడ్డను కాసేపు వేళ్ళ మధ్య తిప్పి గోడ అవతల పడేశారు.

కబుర్ల గడి కూడా అనుకోకుండా నిండింది. యజమాని తండ్రి ఎనభై దాటిన మనిషి. రోజూ పొద్దెక్కాక కర్ర పట్టుకుని ఇళ్ళవైపు వచ్చేవాడు. మొదటిరోజు మా ఆయన లేచి నిలబడి, "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారాండీ?" అన్నారు.

పెద్దాయన కొంచెం వెనక్కి తగ్గి చూశాడు. "ఎవలితోని మాట్లాడుతున్నవ్ సార్? నా ఎనక ఇంకెవలన్న ఉన్నరా?"

"మీతోనేనండీ."

"మల్ల అండి. జర మనిషి లెక్క మాట్లాడు. అండి అంటే ఆఫీసుకు వొయినట్లుంటది."

"మరి ఏమని పిలవమంటారు?"

"బాపూ అను. ఊరంత గదే అంటది."

ఆ రోజు నుంచి ఆయన బాపు అయ్యాడు. చుట్ట ముట్టించబోయి, మా ఆయన ఛాతీ సంగతి విని, చుట్టను చెవి మీద పెట్టుకున్నాడు. మా గుమ్మంలో మళ్ళీ ఎప్పుడూ వెలిగించలేదు. ఒకరోజు కండువా కొసన గుప్పెడు వడ్లు కట్టుకొచ్చాడు. మా ఆయన వాటిని అరచేతిలో నలిపి, నోటితో ఊదబోతే నేను గదిలోంచి కేకేశాను. పెద్దాయన ఆ చేయి పట్టుకుని తానే ఊకను ఊదేశాడు. మా ఆయన గింజను కొరికి, "ఇంకో రెండు ఎండలు కావాలి" అన్నారు. పెద్దాయన తానూ ఒకటి కొరికి చూసి తలాడించాడు.

"నీ పండ్లకు కిరాయి ఇయ్యాలె సార్."

"ఇంటి కిరాయిలో తగ్గించుకోండి బాపూ."

"నా కొడుకు వినంగ అనకు. తగ్గిస్తడు, నెల తిరిగినంక పెంచుతడు."

ఇద్దరూ నవ్వితే మా ఆయనకు దగ్గు రాలేదు. ఆ ఏడాది చివరికి ఆయన నాతో కూడా 'అవును' అనడం మానేసి 'అవ్' అనడం మొదలుపెట్టారు.

రెండో ఏడు వానలు ఆగస్టులో పట్టుకున్నాయి. ముసురు వదలలేదు. నేను కాలేజీకి గొడుగుతో వెళ్ళి గొడుగుతో వస్తున్నాను. సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున కాళ్ళు మంచం దింపితే నేల చల్లగా తగిలింది. షాబాద్ బండల సందుల్లోంచి నీరు ఊరుతోంది. గుమ్మం దాటి రాలేదు. గుమ్మం బయట వాన తడే తప్ప నీరు నిలవలేదు. నీరు కింది నుంచి వచ్చింది, శబ్దం లేకుండా, గిన్నెలో పాలు పొంగినట్టు. స్నానాలగది తూములోంచి కూడా పైకి వస్తోంది. మా ఆయన లేచి కూర్చుని ఛాతీ పట్టుకుని ఉన్నారు.

పూర్తిగా తెల్లవారకముందే పెద్దాయన వచ్చాడు. మోకాళ్ళ పైకి పంచె ఎగ్గట్టి, కర్రతో నేలను తడుముకుంటూ.

"ఇగ లేవుండ్రి బిడ్డా. కుంట ఒచ్చింది."

"ఏ కుంట?"

"గిదే. మీరు పండుకున్నదే."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు, చదువుకున్న మనిషి ఇంత చిన్న మాట అడుగుతుందేమిటన్నట్టు కాదు, ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు.

"గా రోడ్డు ఉన్నది గదా బిడ్డా, గది కట్ట. ఇది కుంట. పదేండ్లు ఎండింది. ఇప్పుడు పైనుంచి వాగు ఒచ్చింది, ఇగ నిండుతది. మేం నీల్లొస్తే లేస్తం, నీల్లు పోతే దున్నుకుంటం. నా చిన్నప్పటి సంది గంతే."

"మాకెవరూ చెప్పలేదు."

"శిఖం అని జెప్పలేదా మావోడు?"

"చెప్పాడు. నేనే ఎత్తైన నేల అనుకున్నాను" అన్నాను. కొడుకు కూడా అప్పటికి వచ్చాడు. తడిసిన చొక్కాతో, మోటారు సైకిల్ కట్ట మీదే వదిలి నడుచుకుంటూ.

"నేను సాఫ్ జెప్పిన మేడం. దాసలేదు. మీరే అడిగిన్రు గదా, ఇదంత శిఖమేనా అని. మీకు ఎర్కనే అనుకున్న. ఎర్కుండి గూడ ఒస్తున్నరు, ధైర్నం ఉన్నోల్లు అనుకున్న."

"శిఖంలో ఇల్లు ఎవరైనా కడతారా?"

"అందరు కట్టిన్రు. మేం కట్టినం" అన్నాడు అతను, తల దించుకుని. మా ఆయనను మంచంతో సహా ఎత్తడానికి మనుషులను పిలిచాడు.

మంచం కట్ట మీదకు చేరేసరికి వాన ఆగింది. కట్ట మీద జనం. ఊళ్ళోంచి ఆడవాళ్ళు పసుపూ కుంకుమా పట్టుకుని వస్తున్నారు. పదేళ్ళకు నీరు వచ్చింది, గంగమ్మకు పెట్టుకోవాలి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. కుర్రవాళ్ళు ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒక ముసలమ్మ వంగి నీటిని చేత్తో తాకి కళ్ళకద్దుకుంది. వాళ్ళ సంతోషంలో దోషమేమీ లేదు. ఎండిపోయిన బోర్లకు ప్రాణం వస్తుంది, కట్ట కింద పొలాలు తడుస్తాయి. అదే నీటిలో మా ఇల్లు కిటికీల దాకా మునుగుతోంది. మా ఆయన మంచం మీద దుప్పటి కప్పుకుని, ఒక్కొక్క ఊపిరినీ ఏరుకుంటున్నట్టు తీసుకుంటున్నారు. జనం మంచానికి దారి ఇచ్చారు. ఒకామె మాకూ ప్రసాదం పెట్టింది. నేను చేయి చాపి తీసుకున్నాను.

ఊళ్ళో యజమాని వాళ్ళ ఇంటి ముందు గదిలో మమ్మల్ని ఉంచుకున్నారు. ఎండ లేదు. గోడలు చెమర్చేవి, దుప్పట్లు ఆరేవి కావు, నీటిలోంచి లాగిన పుస్తకాలకు బూజు పట్టింది. ఆ బూజు ఆయన ఊపిరితిత్తులకూ పట్టిందని తరవాత డాక్టరు చెప్పారు. పెద్దాయన ఆ రోజుల్లో మా గది గుమ్మం ముందే కూర్చునేవాడు, చుట్ట చెవి మీదే. జ్వరం దిగకపోవడంతో యజమాని కారు మాట్లాడి నగరంలో దవాఖానకు చేర్చాడు. అక్కడ పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ పక్కపక్కన పెట్టి చూపించారు. తెల్లటి మచ్చ సగం దాకా వచ్చింది. ఇక యంత్రం లేకుండా కుదరదన్నారు, గాలి ఇచ్చే యంత్రం, ముక్కుకు గొట్టంతో, రాత్రీ పగలూ.

కాలేజీలో నా పక్క బల్ల భౌతికశాస్త్రం చెప్పే ఒక పాతబస్తీ మనిషిది. సెలవు పొడిగించమని అడగడానికి వెళ్ళినప్పుడు, విషయమంతా విన్నాడు. శిఖం అన్న మాట దగ్గర ఆపాడు.

"మీరు దాన్ని ఏమనుకున్నారు మేడం?"

"శిఖరం లాంటిది. ఎత్తు."

"అది సంస్కృతం కాదు మేడం. మా ఉర్దూ మాట. ఫార్సీ నుంచి వచ్చింది. శికం అంటే కడుపు. చెరువు కడుపు, నీళ్ళు నిలిచే నేల."

నేను తల అనుకున్నది కడుపు. ఊళ్ళో చదువురాని వాళ్ళకూ, చదువుకున్నవాళ్ళకూ, యజమానికీ, ఆటో డ్రైవరుకూ తెలిసిన మాట. అదే మాటను నిఘంటువు లాంటి నమ్మకంతో తలకిందులుగా చదివాను. అతను సెలవు కాయితం తానే తీసుకెళ్ళి సంతకం పెట్టించుకొచ్చాడు.

మేము మీర్‌పేట్ తిరిగి వచ్చాము. ఈసారి చెమ్మ అందకూడదని మూడో అంతస్తులో తీసుకున్నాను. ఎండ వస్తుంది. లిఫ్టు లేదు. లేకపోయినా ఫరవాలేదు, ఆయన దిగేది లేదు. పిండివంటల ఆవిడ రోజూ మెట్లెక్కి వస్తుంది. కిరాణా కొట్టు బల్ల మీది మనుషులు ఆదివారాలు వస్తారు. కాలవలు వదిలిన సంగతులు, పెళ్ళి సంబంధాలు, ఎవరెవరి గొడవలు అన్నీ చెబుతారు. ఆయన కళ్ళతో నవ్వుతారు. మాట్లాడాలంటే ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడబెట్టుకోవాలి, అందుకని చాలావరకు ఆదా చేస్తారు. "ఎలా ఉంది అన్నయ్యగారూ?" అని ఆవిడ అడుగుతుంది. ఆయన చేయి కొంచెం ఎత్తి దింపుతారు. యంత్రం గుర్రుమంటూ ఉంటుంది. ఆవిడకు ఆ మోత అలవాటై, దాని మీదుగా కాస్త గొంతు పెంచి మాట్లాడుతుంది.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడు. తీస్తే పెద్దాయన. గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. ఒక్కడే బస్సులో వచ్చి, అడుగుతూ అడుగుతూ వీధి పట్టుకుని, మూడంతస్తులు ఎక్కాడు. లోపలికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. మంచం మీద ఒకరు, కుర్చీలో ఒకరు, ఇద్దరూ ఊపిరి అందే దాకా ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

"ఏం మెట్లు బిడ్డా ఇవి" అన్నాడు చివరికి. "ఈడ ఉన్నదా మీ శిఖం?"

నాకు నవ్వు రాలేదు. మా ఆయనకు వచ్చింది. భుజాలు కదిలాయి, గొట్టం కదిలింది, నేను లేచి సరిచేశాను. పెద్దాయన ఆ గొట్టాన్ని, యంత్రాన్ని ఒకసారి చూసి మళ్ళీ అటు చూడలేదు.

"కట్ట కింద వరి మస్తు పండింది సార్. పదేండ్లకు" అంటూ కండువా ముడి విప్పాడు. అలవాటుగా అరచేతిలో వడ్లు నలిపి, గదిలో ఊదడానికి సంకోచించి, లేచి వసారాలోకి వెళ్ళి ఊక ఊదేసి వచ్చాడు. శుభ్రమైన గింజలు నాలుగు మా ఆయన అరచేతిలో పోశాడు.

మా ఆయన ఒక గింజను వేళ్ళతో పట్టుకుని నోటి దాకా తీసుకెళ్ళడానికి చాలాసేపు పట్టింది. పంటి కింద పెట్టారు. శబ్దం రాలేదు. ఊపిరి కూడబెట్టుకుంటున్నారని తెలిసి మేమిద్దరం ఆగాము.

"తడి" అన్నారు.

"అవ్ సార్" అన్నాడు పెద్దాయన. "ఆరబోయనీకె జాగ లేదు. ఎప్పుడు గా శిఖంల నేలమీదనే ఆరబోస్తుంటిమి. ఇంక నీల్లు దిగలే."

పెద్దాయన వెళ్ళాక, కండువాలోంచి కుమ్మరించి పోయిన వడ్లను నేను వసారాలో పాత దుప్పటి మీద పరిచాను. అక్కడికి ఎండ మధ్యాహ్నం కాసేపే వస్తుంది. ఎండ జరుగుతున్న కొద్దీ దుప్పటిని కొంచెం కొంచెంగా లాగుతూ నిలబడ్డాను. లోపల యంత్రం మోత వినిపిస్తూనే ఉంది.